రేవు ముందు, వంతెన వెనక



ఈ పూట మీతో సైకిలు గురించి మాట్లాడదామని వచ్చాను. బజారుకి, బడికి వెళ్లే సైకిలు సంగతి కాదండి. తెల్లవారుజామున బయల్దేరి, ఏటి ఒడ్డు చూసుకుంటూ, సముద్రం దాకా వెళ్లి, వెళ్లిన దారిన కాకుండా ఇంకో దారిన ఇంటికి చేరే ప్రయాణం సంగతి. ఒక చుట్టు. ఒక్క పూట చుట్టు. మన కోనసీమలో అలాంటి చుట్టు ఎలా వేసుకోవాలి? అదే ఈ పూట మన మాట.

దీనికేముంది, సైకిలెక్కి తొక్కడమే కదా అనిపిస్తుంది. మన నేల బల్లపరుపు. కొండ లేదు, ఘాటు లేదు. కాలువ గట్టు ఎక్కితే చల్లటి నీడ. నిజమే. కానీ మన నేలకి ఒక లెక్క ఉందండి. ఆ లెక్క చూసుకోకుండా బయల్దేరితే, చీకటి పడేవేళకి ఏటి ఒడ్డున నిలబడిపోతాం. అవతల మన వైపు దీపాలు కనిపిస్తుంటాయి. చేరే దారి ఉండదు. నాకు జరిగింది కాబట్టే చెబుతున్నాను.

ముందు ఆ లెక్కేమిటో చూద్దాం.

ధవళేశ్వరం దాటాక గోదావరి చీలుతుంది. తూర్పుకి గౌతమి. పడమటికి వశిష్ఠ. గన్నవరానికి ఎగువన వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. ఈ మూడూ సముద్రంలో కలిసేలోపు మన సీమని ముక్కలుగా కోస్తాయి. అమలాపురం ఒక ముక్క మీద ఉంది. రాజోలు ఇంకో ముక్క మీద ఉంది. మనం ఊళ్లనుకుంటాం గానీ, నిజానికి అవి దీవులు.

విశాఖపట్నంలో భీమిలి రోడ్డు ఎక్కారనుకోండి. సముద్రం కుడిచేతి పక్కనే ఉంటుంది. ఎంతసేపు తొక్కినా పక్కనే ఉంటుంది. మన దగ్గర అలా కుదరదు. అంతర్వేది నుంచి సముద్రం ఒడ్డునే ఓడలరేవు దాకా వెళ్లిపోదాం అనుకుంటే, కరవాక దగ్గరకొచ్చేసరికి వైనతేయ అడ్డం పడుతుంది. ఓడలరేవు ఎదురుగానే ఉంటుంది. మధ్యలో ఏరు, ఒక పక్క సముద్రం. సైకిలు భుజాన వేసుకుని ఈదలేం కదండీ.

కాబట్టి కోనసీమలో చుట్టు గీసేవాళ్లు ముందు రోడ్డు చూడకూడదు. ముందు నీళ్లు చూడాలి. నీళ్లని ఎక్కడ దాటుతామో చూడాలి. రోడ్డు ఆ తర్వాత.

ముగ్గు వేసేటప్పుడు మీ ఇంట్లో ఆడవాళ్లు ఏం చేస్తారో గమనించారా? ముందు చుక్కలు పెడతారు. చుక్కలన్నీ కుదిరాకే గీత మొదలవుతుంది. మెలికల ముగ్గయితే ఆ గీత చుక్కలన్నిటి చుట్టూ తిరిగి, ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలుస్తుంది. మన సైకిలు చుట్టు కూడా మెలికల ముగ్గే. ఏటిని దాటే చోట్లే దాని చుక్కలు. రోడ్లు దాని గీతలు. ముందు చుక్కలు. తర్వాత గీతలు. చుక్క తప్పితే గీత ఎంత అందంగా గీసినా ముగ్గు మూసుకోదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను.

మన చుక్కలు రెండు రకాలు. ఒకటి వంతెన. రెండోది రేవు. వంతెన రాత్రీ పగలూ ఉంటుంది. రేవు అలా కాదు. రేవులో పంటు ఉండాలి. రెండు పడవలు జోడించి, పైన బల్లలు పరిచిన పంటు మనందరికీ తెలిసిందే. అది నడవాలంటే ఏరు ఒప్పుకోవాలి, గాలి ఒప్పుకోవాలి, వేళ ఒప్పుకోవాలి. ఎగువన వానలు పడి వరద దిగితే పంటు ఆగిపోతుంది. చీకటి పడ్డా ఆగిపోతుంది.

నాకు జరిగింది చెబుతాను. అప్పటికి నాకు పాతికేళ్లు కూడా లేవు. రాజోలు నుంచి బయల్దేరాను. దిండి మీదుగా చించినాడ వంతెన దాటాను. పాలకొల్లు వెళ్లి క్షీరారామలింగేశ్వరుణ్ణి చూశాను. అక్కణ్ణించి నర్సాపురం. అక్కడ వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి, ఆ తర్వాత ఇల్లు. గీత బ్రహ్మాండంగా ఉంది. కానీ మధ్యాహ్నం ఎండకి ఒక చెట్టు కింద కూర్చున్నవాణ్ణి కాస్త ఎక్కువసేపు కూర్చున్నాను. రేవు దగ్గరకి వచ్చేసరికి పొద్దు గుంకింది. ఏరు ఎర్రగా, బరువుగా కదులుతోంది. పంటుని మోకులేసి కట్టేశారు.

"నీళ్లు పెరుగుతున్నాయి బాబూ. ఇవాళ్టికి ఇంతే" అన్నాడు రేవులో పెద్దాయన.

ఆయన తప్పేం లేదు. ఏటి తప్పూ లేదు. తప్పు నా ముగ్గుది. నమ్మకం లేని చుక్కని చివర పెట్టుకున్నాను. మళ్లీ పాలకొల్లు, మళ్లీ చించినాడ, అదంతా చీకట్లో తొక్కుకుంటూ ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. అమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. ఒక్క మాట కూడా అనలేదు. చెంబుతో కాళ్లకి నీళ్లిచ్చింది.

ఆ రాత్రి నేను నేర్చుకున్నది ఒకటే. రేవు ముందు, వంతెన వెనక.

మళ్లీ చెబుతానండి. రేవు ముందు దాటాలి. వంతెనని చివరికి ఉంచుకోవాలి. ఎందుకంటే రేవు మొదట్లో ఉందనుకోండి, పంటు లేకపోతే ఏమవుతుంది? ఇల్లు దగ్గరే కాబట్టి వెనక్కి తిరిగొస్తాం. ఆ రోజు చిన్న ప్రయాణమవుతుంది, అంతే. అదే రేవు చివర్లో ఉంటే? చుట్టంతా అయిపోయి, కాళ్లలో బలం అయిపోయి, సంచీలో నీళ్లు అయిపోయాక, వచ్చిన దారంతా మళ్లీ తొక్కాలి.

ఇది ఇంట్లో అందరికీ తెలిసిన పద్ధతే. గ్యాసు బండ అయిపోవచ్చిందని అనుమానం వస్తే ఇల్లాలు ముందు ఏం చేస్తుంది? అన్నం కుక్కరు ఎక్కిస్తుంది. అన్నం ఉడికితే చాలు, కూర లేకపోయినా ఆవకాయతో గడిచిపోతుంది. పులసల రోజుల్లో సంచీ పట్టుకుని బయల్దేరినవాళ్లు ముందు ఎక్కడికి వెళ్తారు? ఉల్లిపాయలు సాయంత్రం దాకా దొరుకుతాయి. పులస దొరకదు. ముందు చేపలరేవుకే పరిగెడతారు. సైకిలు మీద కూడా అదే. దొరుకుతుందో లేదో తెలియనిదాన్ని ముందు చూసుకోవాలి.

సరే. ఇప్పుడు అదే చుట్టుని సరైన పద్ధతిలో తిప్పుదాం. నాతో పాటు రండి.

రాజోలులో తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. ముందు చక్రం పైన ఒక దీపం, వెనక ఎర్ర దీపం. మలికిపురం దాటేసరికి తూర్పు తెల్లబారుతుంది. చలికాలమైతే మంచు కాలువ మీద తెరలాగా పరుచుకుని ఉంటుంది. కొబ్బరి మట్టల మీంచి మంచునీళ్లు టపటపా రాలుతుంటాయి. వాన అనుకుని ఆగిపోతారేమో. ఆగకండి. మోరి వైపు వెళ్తుంటే కొన్ని వేళల్లో జీడిపిక్కలు కాల్చిన వాసన తగులుతుంది. మోరి జీడిపప్పు సంగతి నేను చెప్పక్కర్లేదు మీకు.

ఏడింటికల్లా అంతర్వేదిలో ఉంటాం. లక్ష్మీనరసింహస్వామి గుడి. అక్కడి నుంచి అన్నాచెల్లెళ్ల గట్టు. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. ఆ వేళప్పుడు అక్కడ నిలబడితే ఏటినీళ్ల రంగు వేరు, సముద్రపు రంగు వేరు అని కంటికి తెలుస్తుంది. మన చుట్టులో బంగాళాఖాతం కళ్లారా కనిపించేది ఇక్కడే. అందుకని ఇక్కడ తొందరపడకండి. ఒక గంట కూర్చోండి. నేనెప్పుడు వెళ్లినా గంటకి తక్కువ కూర్చోను. ఒక్క మాట. సైకిలుని ఇసకలోకి దింపకండి. గట్టు మీదే నిలబెట్టండి. ఇసక గొలుసులోకి వెళ్లిందంటే తొక్కినంతసేపూ కరకరమంటూ నమిలేస్తుంది.

మాఘమాసంలో స్వామి కల్యాణం, భీష్మ ఏకాదశి నాడు రథోత్సవం. ఆ రోజుల్లో తీర్థానికి వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ సైకిలు చుట్టు పెట్టుకోకండి. ఆ రోడ్డు మీద కాలు మోపే సందుండదు.

ఎనిమిదింటికి అంతర్వేది నుంచి వెనక్కి, సఖినేటిపల్లి రేవుకి. ఇదిగో మన నమ్మకం లేని చుక్క. తొమ్మిది లోపే ఇక్కడికి వచ్చేశాం. పంటు ఉంది. సైకిలు ఎక్కించాం. ఇక మిగిలింది వంతెన ఒక్కటే. మనసు తేలికపడుతుంది చూడండి, అదే ఈ పద్ధతిలో సుఖం. పంటు మీద మోటారుసైకిళ్లు, గడ్డిమోపులు, చంకలో పిల్లల్తో తల్లులు. మీ సైకిలుని మధ్యకి నెట్టి, బ్రేకు పట్టుకుని నిలబడండి. స్టాండు వేసి వదిలేయకండి.

అవతల నర్సాపురం. ఆడవాళ్లు ఇళ్లల్లో కూర్చుని అల్లే లేసుకి పేరుపడ్డ ఊరు. ఆ పక్కనే మాధవాయిపాలెం. ఒకప్పుడు ఇంగ్లీషు కంపెనీవాళ్లు అక్కడ బట్టల వ్యాపారం చేశారు. ఆ ఊరి పేరే ఒక రకం మెత్తటి నూలుబట్టకి పేరైపోయింది. ఎక్కడో సముద్రాల అవతల దుకాణాల్లో ఆ బట్టని మదపొల్లం అని అడిగి కొనుక్కునేవారు. మనం టిఫినుకి ఆగే ఊరికి అంత దూరాన పేరుందని తెలిస్తే, ఇడ్లీ ఇంకొంచెం నెమ్మదిగా తింటాం.

నర్సాపురం నుంచి పాలకొల్లు. పాలకొల్లు నుంచి చించినాడ. ఇది 216వ నంబరు జాతీయ రహదారి. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా వెళ్లే దారి. లారీలుంటాయి. ఎడమ అంచునే ఉండండి. పక్కపక్కన తొక్కుతూ కబుర్లు చెప్పుకోకండి. కబుర్లు గట్టు మీద చెప్పుకోవచ్చు. చించినాడ వంతెన ఎక్కాక ఒక్కసారి ఏటి దిగువ వైపు చూడండి. పొద్దున మీరు పంటు మీద దాటిన వశిష్ఠే అది. వంతెన దిగితే దిండి. ఏటిలో పడవ ఇళ్లు. పన్నెండున్నరకల్లా రాజోలు. అంతర్వేదితో కలిపి సుమారు డెబ్బై కిలోమీటర్లు. అంత దూరం వద్దనుకుంటే అంతర్వేది వదిలేసి నేరుగా రేవుకి వెళ్లండి. యాభైకి అటూ ఇటూగా సరిపోతుంది.

గమనించారా? అదే చుట్టు. అవే ఊళ్లు. తిరిగే దిక్కు మారింది, అంతే. రేవు ముందుకొచ్చింది, వంతెన వెనక్కి వెళ్లింది.

ఇక గాలి. మన దగ్గర కొండలు లేవన్నాను కదా. ఎదురుగాలే మనకి కొండ. పొద్దున్నే గాలి ఉండదు, ఉన్నా నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. ఎండ ఎక్కి నేల కాగాక అది తిరగబడుతుంది. సముద్రం మీంచి లోపలికి వస్తుంది. అందుకని పొద్దున్నే సముద్రం వైపు వెళ్లి, ఎండెక్కాక లోపలికి తిరిగితే ఆ గాలి మన వీపు మీద చెయ్యేసి నెడుతుంది. మీరే చూడండి, ఇప్పుడు మనం తిరిగిన చుట్టు సరిగ్గా అలాగే ఉంది. నర్సాపురం నుంచి పాలకొల్లు వైపు ఉత్తరంగా వెళ్లేటప్పుడు గాలి వెనక ఉంటుంది. చలికాలంలో మాత్రం ఈశాన్యం గాలి వీచే రోజులుంటాయి. అప్పుడు తిరుగుదారి కాస్త బరువవుతుంది. అయినా రేవు ముందే. గాలిని కాళ్లతో గెలవొచ్చు. లేని పంటుని గెలవలేం.

గాలి ఎటుందో తెలియాలంటే కొబ్బరి మొవ్వ కేసి చూడండి. తోటలో ఉన్నప్పుడు మనకి గాలి తగలదు, పైన మట్టలకి తగులుతుంది. తోట దాటి రొయ్యల చెరువుల మధ్యకి వచ్చామంటే చాలు, ఒక్కసారిగా పక్కనుంచి కొడుతుంది. ఆ చోట హ్యాండిలు గట్టిగా పట్టుకోండి. చెరువుల దగ్గర రోడ్డు తడిగా, బురదగా ఉంటుంది. మలుపులో బ్రేకు వేయకండి. మలుపుకి ముందే వేగం తగ్గించండి.

అమలాపురం వాళ్లు అడుగుతారు, మా సంగతేమిటి అని. మీకు రేవు బాధ లేదండి. వైనతేయ మీద మీకు రెండు గట్టి చుక్కలున్నాయి. దిగువన బోడసకుర్రు, పాశర్లపూడి మధ్య వంతెన. ఎగువన గన్నవరం అక్విడక్టు. అమలాపురం నుంచి బోడసకుర్రు, వంతెన దాటి పాశర్లపూడి, మామిడికుదురు, తాటిపాక, అక్కణ్ణించి గన్నవరం, అక్కడ ఏరు దాటి అంబాజీపేట, తిరిగి అమలాపురం. ఎటు తిరిగినా ఇల్లు చేరతారు. అయినా నేనైతే బోడసకుర్రు వైపే ముందు వెళ్తాను. ఎండ ముదిరేవేళకి అంబాజీపేట కొబ్బరితోటల నీడలో ఉండొచ్చు. సముద్రం చూడాలనుకుంటే ఇంకా పెందలాడే లేచి, వంతెన ఎక్కేముందు ఏటి వెంబడే కిందికి, బెండమూర్లంక మీదుగా ఓడలరేవు వెళ్లి రండి. బెండమూర్లంక కూడా ఒకప్పుడు ఇంగ్లీషు కంపెనీ సరుకు దించుకున్న చోటే.

గన్నవరం అక్విడక్టు దగ్గర సైకిలు దిగండి. దయచేసి దిగండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్లని రాజోలు దీవికి చేర్చాలంటే మధ్యలో వైనతేయ ఉంది. ఏం చేశారు? ఏటి మీద 49 ఖానాల కట్టడం కట్టి, కాలువనే ఏరు దాటించారు. కింద ఏరు, పైన కాలువ. ఇందాకట్నుంచి మనం చెప్పుకుంటున్నది అదే కదండీ. దాటే చోటు ముందు కుదిరింది. ఆ తర్వాతే కాలువ రాజోలు పొలాల దాకా సాగింది. పక్కనే 2000లో వచ్చిన కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆ పక్కనే లంకల గన్నవరంలో, ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి. 1909లో పోయారు. ఆ పేరు చదువుతూ అక్కడ కాసేపు నీడన నిలబడటం నాకు ఇష్టం.

కొత్తపేట వాళ్లకి గౌతమి ఉంది. ముక్తేశ్వరం దగ్గర రేవు, అవతల కోటిపల్లి. ఎగువన రావులపాలెం, జొన్నాడ మధ్య వంతెన. చుక్కలు రెండూ చెప్పేశాను. ఏది ముందో మీరే చెప్పండి. అవునండి, ముక్తేశ్వరం రేవే ముందు. కోటిపల్లి నుంచి కపిలేశ్వరపురం, ఆలమూరు మీదుగా జొన్నాడ వంతెనకి చేరండి.

ఇక వేళల సంగతి. ఈ చుట్లకి కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. తుపాను కబురుంటే మాత్రం కదలకండి. 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్లెవరికీ ఆ మాట రెండోసారి చెప్పక్కర్లేదు. ఆషాఢ శ్రావణాల్లో రేవున్న చుట్టు పెట్టుకోకండి. రేడియోలో వింటూనే ఉంటారు, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అయితే రెండోది. 17.75 అయితే మూడోది. 2022 జులైలో ఆ మూడోదీ దాటింది. ఈ అంకెలు లంకల్లో ఉండేవాళ్లకి ప్రాణం. సైకిలు వాళ్లకి కూడా పనికొస్తాయి. మొదటి హెచ్చరిక మాట వినకముందే, నీళ్లు పెరుగుతున్నాయనగానే రేవు చుక్కని చెరిపేయండి.

కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీంచి తొక్కకండి. చక్రం జారుతుంది, అది ఒక కారణం. అది రైతు కష్టం, అది రెండో కారణం. దిగి, నడిపించుకుంటూ పక్కనుంచి వెళ్లండి.

ఇంటికి రాగానే సైకిలుని మంచినీళ్లతో కడగండి. సముద్రం ఒడ్డు ఉప్పు ఇనుముని తినేస్తుంది. బాగా తుడిచి, ఆరనిచ్చి, గొలుసుకి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాయకండి. దుమ్ము పట్టి జిగురైపోతుంది.

చివరగా ఒక చిన్న పని. ముందురోజు సాయంత్రం రేవు వైపు ఉన్నవాళ్లెవరికైనా ఫోను చేయండి. పంటు నడుస్తోందా, పొద్దున మొదటి పంటు ఎన్నింటికి, ఈ రెండే అడగండి. వంతెన కూడా ఒక్కోసారి మరమ్మతులకి మూస్తారు కాబట్టి అదీ అడగండి. అప్పుడు ఒక కాగితం తీసుకుని, ముందు చుక్కలు పెట్టండి. రేవు చుక్క పక్కన ఒకటి అని వేయండి. వంతెన చుక్క పక్కన రెండు అని వేయండి. ఆ తర్వాత గీత గీయండి. ఆ కాగితం ఇంట్లో అమ్మకో, ఆవిడకో ఇచ్చి వెళ్లండి. ఏ వేళకి మీరు ఎక్కడుంటారో వాళ్లకీ తెలుస్తుంది, అరుగు మీద కూర్చుని ఎదురుచూడక్కర్లేదు.